ముఖచిత్రం లేని సంచిక: పాత బొమ్మల పత్రికల సేకరణలో అట్టకే ఎందుకింత విలువ?

దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురం కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లకు పేరొందిన ప్రాంతం. రామకృష్ణ పురం అన్న పూర్తి పేరు వాడుకలో దాదాపు మరుగునపడింది. సెక్టార్లుగా విభజించిన ఈ కాలనీలో దశాబ్దాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. సచివాలయాల్లో గుమాస్తాలు మొదలు కార్యదర్శుల వరకు ఎందరో ఇక్కడే పిల్లలను పెంచి పెద్దచేశారు. ఢిల్లీ ఆకాశవాణి నుంచి జగ్గయ్య వంటివారు తెలుగు వార్తలు చదివిన తరం నుంచి నిన్నమొన్నటి వరకు, రాజధానిలోని తెలుగు ఇళ్లలో ఊరి జ్ఞాపకాన్ని నిలిపిన వస్తువులలో నెలనెలా వచ్చే పిల్లల పత్రిక ఒకటి.

ప్రభుత్వ క్వార్టరు శాశ్వతం కాదు. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా గడువులోగా ఖాళీ చేయవలసిందే. సామాను కట్టే ఆ కొద్ది రోజుల్లోనే అటక మీది ట్రంకుపెట్టెలో ఉన్న పాత సంచికల తలరాత తేలిపోతుంది. లారీలో చోటు మంచాలకు, బీరువాలకు సరిపోతుంది. కాగితాల కట్ట కిలోల లెక్కన కబాడీవాలా తూకానికి పోతుంది. పాత బొమ్మల పత్రికలు సేకరించేవారి కన్ను సరిగ్గా ఈ దశ మీదే ఉంటుంది. తూకానికి పోయిన కట్టలో కొంత దరియాగంజ్ ఆదివారం పుస్తకాల బజారుకు చేరుతుంది. ఏళ్ల తరబడి కాలిబాటలపై సాగిన ఆ బజారు న్యాయస్థానం ఆదేశాల దరిమిలా 2019లో మహిళా హాట్ ప్రాంగణానికి మారింది. తక్కినదంతా గుజ్జయి మళ్లీ కాగితమవుతుంది.

సేకరణ అనగానే అమెరికా వేలంపాటల వార్తలు స్ఫురించడం సహజం. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక అప్పట్లో 10 సెంట్లకు అమ్ముడైంది. బాగా నిలిచిన ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లు పలికింది. అయితే తెలుగు పాఠకునికి ఈ విషయంలో మొదట గుర్తుకు వచ్చేది సూపర్‌మ్యాన్ కాదు, చందమామ. కచ్చితంగా చెప్పాలంటే చందమామ కామిక్ పుస్తకం కాదు, కథల మాసపత్రిక. అయినా ప్రతి పుటలో బొమ్మ, నెలనెలా రంగుల ముఖచిత్రం, ఏళ్ల తరబడి సాగే చిత్రసహిత ధారావాహికలు ఉన్నందున సేకర్తలు దానిని బొమ్మల పత్రికల వరుసలో మొట్టమొదటి స్థానంలోనే ఉంచుతారు. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు.

రచయిత పేరు లేదు, చిత్రకారుని సంతకం ఉంది

బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసులో చందమామను 1947 జూలైలో ప్రారంభించారు. తెలుగుతో పాటు తమిళంలో ‘అంబులిమామ’ వెలువడింది. 1949లో కన్నడ, హిందీ సంచికలు, 1955లో ఆంగ్ల సంచిక మొదలయ్యాయి. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు సంపాదకత్వ భారం వహించిన కొడవటిగంటి కుటుంబరావు పేరు పత్రికపై సంపాదకునిగా కనిపించదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పిల్లలను ఉర్రూతలూగించిన ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా ఆ పుటల్లో ఉండేది కాదు. కథ చందమామది, రచయిత ఎవరన్నది పాఠకునికి తెలియనవసరం లేదన్నది అప్పటి పద్ధతి.

బొమ్మల విషయంలో మాత్రం ఆ నియమం అంత కఠినంగా లేదు. బొమ్మ అంచున చిత్రకారుడు తన సంతకం పెట్టుకునేవాడు. కాబట్టే ఏ ముఖచిత్రం ఎవరిదో ఈనాడు చెప్పడం సాధ్యమవుతోంది. పిల్లలు కూడా రచయితల పేర్లు తెలియకుండానే పెరిగారు గాని ‘చిత్రా’, ‘శంకర్’, ‘వపా’ అన్న సంతకాలను మాత్రం ఎన్నటికీ మరువలేదు.

తొలి సంవత్సరాల ముఖచిత్రాలకు ప్రతిష్ఠ తెచ్చినవారిలో ఎం.టి.వి. ఆచార్య ముఖ్యులు. మహాభారత ఘట్టాలను వరుసగా అట్టపై చిత్రించడం ఆయన చేతిలోనే ఒక సంప్రదాయంగా రూపుదిద్దుకుంది. ఆయన గీసిన పాత్రల్లో శరీర నిర్మాణం పట్ల, ఆభరణాల నగిషీ పట్ల శ్రద్ధ కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. తర్వాతి కాలంలో బెంగళూరులో ఉంటూ తపాలా ద్వారా చిత్రలేఖనం నేర్పారు. ఆయన అనంతరం ముఖచిత్రాల బాధ్యతను వడ్డాది పాపయ్య స్వీకరించారు.

పాపయ్య 1921లో శ్రీకాకుళంలో జన్మించారు. జీవితంలో అధికభాగం విశాఖపట్నం సమీపంలోని కశింకోటలో గడిపి 1992 డిసెంబరులో కన్నుమూశారు. ‘వపా’ అన్న రెండక్షరాల సంతకంతో ఆయన వేసిన అట్టబొమ్మలు తెలుగువారి కంటికి పురాణ పాత్రల రూపురేఖలను స్థిరపరచాయి. రవివర్మ బొమ్మల్లోని బరువైన తైలవర్ణ ఛాయ ఆయనలో కనిపించదు. పలుచని రంగులు, మెలితిరిగిన రేఖ, పొడవైన వేళ్లు, అరమోడ్పు కన్నులు, నేపథ్యంలో కరిగిపోయే ఆకాశం — ఇవి ఆయన ముద్రలు. చక్రపాణి నడిపిన ‘యువ’ మాసపత్రికకు ఆయన వేసిన చిత్రాల్లో రాగాలు, రుతువులు, కావ్యనాయికలు కొలువుదీరాయి. ‘యువ’ దీపావళి సంచికలు నేడు చందమామ కన్నా అరుదుగా లభించడానికి ఒక కారణం ఆ బొమ్మలను కత్తిరించి గోడలకు పటాలుగా కట్టించుకోవడమే. చిత్రకారునికి అంతకుమించిన గౌరవం ఉండకపోవచ్చు. సేకర్తకు మాత్రం అదే పెద్ద నష్టం.

లోపలి పుటల విషయానికి వస్తే టి. వీరరాఘవన్, అంటే ‘చిత్రా’, దాసరి ధారావాహికలకు ప్రాణం పోశారు. రాక్షసులు, శిథిలాలయాలు, పాతాళ దుర్గాలు ఆయన కుంచెలో ఎంత సహజంగా ఒదిగాయో చదివినవారికి తెలుసు. శంకర్‌గా ప్రసిద్ధులైన కె.సి. శివశంకరన్ 1950ల ఆరంభంలో చందమామలో చేరి దాదాపు 60 ఏళ్లు పనిచేశారు. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానం దారిన నడిచే విక్రమార్కుడు అనగానే మదిలో మెదిలే బొమ్మ ఆయనదే. 2020 సెప్టెంబరులో ఆయన మరణించారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది.

అట్టలు ఏమైపోయాయి?

పాత చందమామల లోపలి పుటలు దొరికినంతగా ముఖచిత్రాలు దొరకవు. ఇందుకు ప్రధాన కారణం పాఠకుల నిర్లక్ష్యం కాదు, వారి శ్రద్ధే. తెలుగిళ్లలో ధారావాహికల పుటలను విడదీసి, వరుసగా పేర్చి, బైండు చేయించుకునే అలవాటు ఒకప్పుడు విరివిగా ఉండేది. కథ నిలిచింది, అట్ట పోయింది. గ్రంథాలయాల్లో కూడా ఇదే జరిగింది. 12 నెలల సంచికలను ఒకే సంపుటంగా కుట్టేటప్పుడు ముందు వెనుక అట్టలను, ప్రకటనల పుటలను తీసివేయడం బైండింగ్ పనిలో మామూలు విషయం. ముఖచిత్రానికి చారిత్రక విలువ ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. బడి గ్రంథాలయంలో సంపుటం చక్కగా ఉన్నా అందులో ఆచార్య గాని వపా గాని కనిపించకపోవడం ఇందువల్లనే.

ఢిల్లీలో సేకరించేవారికి ఇక్కడే ఒక అనుకూలత ఉంది. చందమామ వివిధ భాషల సంచికలకు సాధారణంగా ఒకే ముఖచిత్రం ఉండేది. మారేది పత్రిక పేరు రాసిన అక్షరాలే. తెలుగు సంచిక అట్ట ఆంధ్ర ప్రాంతంలో చిరిగిపోయినా, అదే నెల హిందీ సంచిక ఉత్తరాదిలో ఏ ఇంటి అటకపైనో నిలిచి ఉండవచ్చు. దరియాగంజ్ గుట్టల్లో హిందీ చందమామను తెలుగువారు వెదకడం వింతగా తోచవచ్చు గాని, వపా బొమ్మకు భాష అడ్డం కాదు. అయితే దీనిని తెలుగు ప్రతిగా చూపి అమ్మడం మోసమే. హిందీ ప్రతి హిందీ ప్రతిగానే జాబితాకెక్కాలి.

సంచికపై తేదీ ఉన్న పుట చిరిగిపోతే కాలం నిర్ణయించడానికి అట్టపై, ప్రకటనల్లో ఉన్న చిన్నచిన్న వివరాలు అక్కరకు వస్తాయి. వెల అణాలలోనే ఉంటే అది దశాంశ నాణేలు అమలులోకి వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందుదై ఉండే అవకాశం ఎక్కువ. నయా పైసలు అని ఉంటే 1957, 1964 మధ్యకాలానిది. 1964 జూన్ నుంచి ‘నయా’ తొలగి పైసలే మిగిలాయి. ప్రకటనల్లోని చిరునామాలలో ఆరంకెల పిన్‌కోడ్ కనిపిస్తే సంచిక 1972 ఆగస్టుకు తర్వాతిదే. ‘వడపళని, మద్రాసు-26’ వంటి పాత మండల సంఖ్య ఒక్కటే ఉంటే అంతకు ముందుదని ఊహించవచ్చు. చెన్నై అన్న పేరు 1996 తర్వాతిది. ఒక్క ఆధారాన్ని బట్టి తీర్పు చెప్పరాదు. రెండు మూడు కలిసినప్పుడే నమ్మదగిన నిర్ధారణ వస్తుంది. ప్రకటనల పుటలు పారవేయవద్దని సేకర్తలు పట్టుబట్టడానికి కారణమిదే.

రాజధానిలో పుట్టిన ఆలోచన

చందమామ సరసన సేకర్తలు వెదికే మరో రెండు వరుసలను ప్రస్తావించాలి. మొదటిది 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ప్రారంభించిన ఇంద్రజాల్ కామిక్స్. లోపల ఉన్నవి అధికంగా అమెరికా నుంచి వచ్చిన ఫాంటమ్, మాండ్రేక్ కథలే అయినా తొలినాటి అట్టలు ఇక్కడే రూపొందాయి. వాటిని చిత్రించిన బి. గోవింద్ తర్వాత 1976లో ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్‌కు కూడా రూపమిచ్చారు. 1990లో ఈ ప్రచురణ ఆగిపోయింది. లోపలి కథ విదేశాల్లో పునర్ముద్రణగా దొరుకుతుంది. గోవింద్ అట్ట మాత్రం ఇంద్రజాల్ ప్రతిపైనే ఉంటుంది. కాబట్టి అట్ట లేని ఇంద్రజాల్‌కు సేకర్త దృష్టిలో దాదాపు విలువ లేదు.

రెండవది అమర చిత్ర కథ. దీని పుట్టుకకు ఢిల్లీతో, దూరదర్శన్‌తో నేరుగా సంబంధం ఉంది. 1967లో అనంత్ పై ఢిల్లీలోని ఒక పుస్తకాల దుకాణంలో ఉండగా దూరదర్శన్‌లో పిల్లల క్విజ్ ప్రసారమవుతోంది. గ్రీకు పురాణాలపై ప్రశ్నలకు సమాధానాలు చెప్పిన పిల్లలు రాముని తల్లి ఎవరంటే చెప్పలేకపోయారని, ఆ సంఘటనే తనను భారతీయ కథలవైపు మళ్లించిందని ఆయన చెబుతూ వచ్చారు. ఈ వరుసలో 11వ సంఖ్యగా వెలువడిన ‘కృష్ణ’కు రామ్ వాయీర్కర్ బొమ్మలు వేశారు. మొదటి 10 సంఖ్యలు సిండరెల్లా వంటి పాశ్చాత్య కథలకు చెందినవి. సేకర్తలు ఈ వరుసలో మోసపోయేది సంఖ్యల దగ్గరే. ప్రసిద్ధ కథలను మళ్లీ ముద్రించినప్పుడు 500 పైబడిన కొత్త సంఖ్యలు ఇచ్చారు, కొన్నింటికి కొత్త అట్టలు వేయించారు. పేరు ఒక్కటే చూసి కొన్నవారి చేతికి తరచు చేరేది పునర్ముద్రణే.

తెలుగు బొమ్మకథలకు ఇంకా పాత మూలాలు ఉన్నాయి. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి నడిపిన ‘బాల’ పత్రిక 1945లోనే మొదలైంది. బాపు తొలి బొమ్మలు, ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ వెలుగుచూసింది అందులోనే. కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి బొమ్మలతోనే కథ నడిపే పద్ధతిని తెలుగు పత్రికల్లోకి తెచ్చారు. ఆయన ‘పంచతంత్రం’ ఇలస్ట్రేటెడ్ వీక్లీలో దేశమంతటా పాఠకులను సంపాదించింది. ఇప్పుడు ‘బాల’ విడి సంచికలు కంటబడటమే గగనం.

ముద్రిత ప్రతి వేరు, మూలచిత్రం వేరు

పాశ్చాత్య దేశాల్లో అసలు పోటీ ఇప్పుడు చిత్రకారుడు స్వయంగా గీసిన మూలచిత్రాల కోసం సాగుతోంది. టిన్‌టిన్ సృష్టికర్త హెర్జే ‘బ్లూ లోటస్’ కోసం 1936లో వేసిన ఒక ముఖచిత్రాన్ని ముద్రణ ఖర్చు పెరుగుతుందని ప్రచురణకర్త వాడలేదు. ప్రచురణకర్త కుమారుడికి కానుకగా దక్కిన ఆ బొమ్మ, కుటుంబ కథనం ప్రకారం, మడతలు పడి దశాబ్దాలు సొరుగులోనే ఉండిపోయింది. 2021 జనవరిలో పారిస్ వేలంలో దానికి దాదాపు 32 లక్షల యూరోలు వచ్చాయి.

మన పత్రికల మూలచిత్రాలకు ఇలాంటి చరిత్ర రాయడం కష్టం. అచ్చుదిమ్మె తయారైన తర్వాత బొమ్మ పని ముగిసినట్లే భావించేవారు. చందమామ యాజమాన్యం 2007లో జియోడెసిక్ సంస్థ చేతికి వెళ్లింది. 2013 నాటికి పత్రిక వెలువడటం నిలిచింది. ఒక సంస్థ మూతపడినప్పుడు లెక్కకు వచ్చేవి యంత్రాలు, భవనాలు, బాకీలు. కుంచెతో వేసిన అట్ట ముక్కలు ఏ పద్దు కిందికి వస్తాయో ఎవరూ అడగరు. అందువల్ల ముద్రిత ప్రతే మూలచిత్రానికి మిగిలిన సాక్ష్యం. దానిని కాపాడటం కేవలం ఒక వ్యక్తి సరదా అనుకుంటే పొరపాటు.

‘అసలైన వపా’ అంటూ ఎవరైనా చిత్రాన్ని అమ్మజూపితే భూతద్దంతో చూడటం కనీస జాగ్రత్త. అచ్చు బొమ్మలో రంగులు చిన్నచిన్న చుక్కలుగా విడిపోతాయి. చేతితో వేసిన రంగులో చుక్కలు ఉండవు, కుంచె జాడ, కాగితం పీల్చుకున్న తడి అంచు కనిపిస్తాయి. స్కాన్ చేసి నేటి యంత్రంపై ముద్రించిన ‘పాత’ అట్టలో చుక్కల అమరిక వేరుగా ఉంటుంది, కాగితం మరీ తెల్లగానో, మరీ సమంగా పసుపు రంగులోనో ఉంటుంది. నిజమైన పాత కాగితం అంచుల నుంచి లోపలికి పసుపెక్కుతుంది.

హక్కుల విషయంలో కూడా అపోహలున్నాయి. పాత సంచిక కొన్నవారికి ఆ కాగితంపై యాజమాన్యం వస్తుంది, బొమ్మపై హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కళాకృతిపై హక్కు కర్త జీవితకాలంతో పాటు మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. ఆ లెక్కన వపా చిత్రాలపై గడువు 2052 చివరి వరకు ఉన్నట్లే. సొంత అధ్యయనానికి నకలు తీసుకోవడం వేరు. వాటితో క్యాలెండర్లు, పటాలు, కప్పులు ముద్రించి అమ్మడం వేరు. స్కాన్ ప్రతులు ఒకరి నుంచి ఒకరికి చేరడం వల్లే నేటి పిల్లలు ఆచార్య భీష్ముడిని చూడగలుగుతున్నారన్నది కాదనలేని సంగతి. చట్టం, జ్ఞాపకం ఇక్కడ ఒకే దారిన నడవడం లేదు.

ఢిల్లీ వాతావరణంలో కాగితం

నాసిరకం గుజ్జుతో చేసిన పత్రికా కాగితంలో ఉండే లిగ్నిన్ వెలుతురు, గాలి తగిలేకొద్దీ ఆమ్లంగా మారి కాగితాన్ని పెళుసు చేస్తుంది. మద్రాసు తేమలో దాడి బూజుది, ఇనుప పిన్నులకు పట్టే తుప్పుది. ఢిల్లీలో బాధ మరో విధం. మే, జూన్‌లలో 45 డిగ్రీల వేడి, లూ గాలుల ధాటికి పుటలు అప్పడాల్లా విరుగుతాయి. జూలై రాగానే ఒక్కసారిగా తేమ పెరిగి అవే పుటలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఏటా ఈ రెండు దెబ్బలు తినే కాగితానికి ప్రభుత్వ క్వార్టరు అటక అన్నిటికన్నా చెడ్డ చోటు. పై అంతస్తు కప్పు వేడి నేరుగా దానికే తగులుతుంది. గది లోపలి గోడకు ఆనించిన చెక్క బీరువా, నేలకు జానెడు ఎత్తున ఉన్న అర మేలు.

తుప్పు పట్టిన పిన్నులను లాగకుండా, వెనుకవైపు కాళ్లు నిటారుగా లేపి నెమ్మదిగా తీయాలి. చిరుగులకు సెలోటేప్ వేయరాదు. దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా మారి బొమ్మలోకి ఇంకిపోతుంది. లామినేషన్ చేయించడం అంతకన్నా పెద్ద తప్పు, ఒకసారి వేడితో అతికిన పొరను వెనక్కు తీయడం సాధ్యం కాదు. పీవీసీ కవర్లకు బదులు పాలీప్రొపిలీన్ సంచులు, వెన్నుదన్నుగా ఆమ్లం లేని అట్ట వాడాలి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. తాళపత్రాలకు మన పెద్దలు వాడిన వస కొమ్ము ముక్కలను గుడ్డలో మూటగట్టి అరలో ఉంచవచ్చు.

ఇంట్లో నిలుపుకోలేనివారు కబాడీవాలాను పిలిచేముందు ఆలోచించవలసిన చోట్లు ఢిల్లీలోనే ఉన్నాయి. కేంద్ర సచివాలయ గ్రంథాలయానికి ఆర్.కె. పురంలో శాఖ ఉన్నా అది ప్రధానంగా ఉద్యోగుల పిల్లల చదువు కోసం ఏర్పడినది. హిందీ, ఇతర భారతీయ భాషల గ్రంథాలకు బహావల్‌పూర్ హౌస్‌లోని తులసీ సదన్ విభాగం ప్రత్యేకం. 1954 నాటి చట్టం కింద ప్రచురణకర్తలు ప్రతులు పంపవలసిన గ్రంథాలయాల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నైలోని కన్నెమరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీలతో పాటు ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ కూడా ఒకటి. ఏ గ్రంథాలయమైనా కట్టను చూడకుండా తీసుకోదు. ముందుగా ఒక జాబితా రాసి పంపడం మంచిది. అందులో సంవత్సరం, నెల, భాషతో పాటు ముందు అట్ట ఉందా, వెనుక అట్ట ఉందా, మధ్య పుటలు పూర్తిగా ఉన్నాయా, చిత్రకారుని సంతకం ఏ మూలన కనిపిస్తోంది అన్న వివరాలుండాలి. స్వీకరించేటట్లయితే బైండు చేయించేటప్పుడు అట్టలు తొలగించవద్దని అదే కాగితం అడుగున రాయాలి.